లూజాన్ కొండలు - ఎలుకల జాతులు

వరి పొట్టకు వచ్చు దినములలో గ్రామ పంచాయతీ సమావేశము జరిగినచో, కార్యక్రమములో ఉన్నను లేకున్నను, ఎలుకల బెడద తప్పక ప్రస్తావనకు వచ్చును. మందు పెట్టించవలెనని ఒకరు, బుట్టలు వేయువారిని పిలిపించవలెనని మరియొకరు, ముందు గట్లు బాగుచేయించవలెనని వేరొకరు చెప్పుదురు. డెల్టా గ్రామమొకదానిలో అట్టి సమావేశమునకు ఈ వ్యాసకర్త హాజరైనప్పుడు, వయోవృద్ధుడైన ఒక సభ్యుడు లేచి ఇట్లడిగెను: "మా చేలో ఎలుక వేరు, ఇంట్లో ఎలుక వేరు, కొండమీద ఎలుక వేరు. ఇన్ని రకాలు ఎక్కణ్ణించి వచ్చాయండీ? అన్నిటికీ ఒకటే మందా?" కొందరు సభ్యులు నవ్విరి. నాకు మాత్రము ఆ దినమున సరియైన సమాధానము తోచలేదు. తరువాత పుస్తకములు తిరుగవేయగా, ఆ పెద్దమనిషి అడిగినవి రెండు ప్రశ్నలు కావనియు, రెండవదానికి సమాధానము మొదటిదానిలోనే ఇమిడియున్నదనియు బోధపడినది.

ఒకే కుటుంబమునకు చెందిన చిన్న జంతువులు ఇన్ని జాతులుగా ఎట్లు విడిపోవును? కొండ, నది, సముద్రము, వాన, అడవి, ఆహారము - ఇవి వాటి రూపమును, నడతను ఎట్లు తీర్చును? ఈ విషయమును మిక్కిలి శ్రద్ధతో పరిశీలించిన చోట్లలో ఫిలిప్పీను దేశమునందలి లూజాన్ దీవి ముఖ్యమైనది.

లూజాన్ పేరు మన రైతులందరును వినియుండకపోవచ్చును. అయినను ఆ దీవితో మనకు పాత పరిచయమే కలదు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1960లో నెలకొన్నది ఆ దీవిలోని లాస్ బాన్యోస్ అను ఊరిలోనే. 1966లో ఆ సంస్థ విడుదల చేసిన ఐ.ఆర్. 8 వంగడమును మరుసటి సంవత్సరమే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు పండించి దేశమంతట పేరు పొందిరి. వరి విత్తనము వచ్చిన చోటినుండియే వరిని తిను ఎలుకలను గూర్చిన తెలివియు కొంత వచ్చుట ఉచితముగానే ఉన్నది.

దీవిలో దీవులు

ఫిలిప్పీను దేశమున ఏడువేలకు పైగా దీవులు కలవు. వాటిలో పెద్దది లూజాన్. దాని వైశాల్యము సుమారు లక్ష చదరపు కిలోమీటర్లు. అనగా తెలంగాణ రాష్ట్రముకంటె కొంచెము చిన్నది. మంచుయుగమున, ఇప్పటికి సుమారు 20,000 సంవత్సరముల క్రిందట, సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగువన ఉండెను. అప్పుడు సుమత్రా, జావా, బోర్నియో దీవులు ఆసియా ఖండముతో కలసి ఒకే నేలగా నుండినవి. జంతువులు కాలినడకన ఒకచోటినుండి మరియొకచోటికి పోగలిగినవి. లూజాన్ సంగతి వేరు. దాని చుట్టునున్న సముద్రము మిక్కిలి లోతైనది. అందుచేత ఆ దీవి ఎన్నడును ఖండముతో కలియలేదు.

అట్లయిన అచ్చటికి ఎలుకలు ఎట్లు చేరినవి? వరదలలో వేళ్లతో సహా పెకలింపబడి సముద్రములోనికి కొట్టుకొనిపోవు చెట్లమీద, పొదల గుబుర్లమీద చేరినవని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అట్టి ప్రయాణము విజయవంతమగుట బహు అరుదు. అందుచేతనే పదుల లక్షల సంవత్సరముల కాలములో కొన్ని పర్యాయములు మాత్రమే అది సంభవించినది. నేడు లూజాన్‌లో కనబడు దేశీయములైన ఎలుకజాతులలో ఎక్కువ భాగము రెండే రెండు ప్రాచీన వంశములనుండి పుట్టినవి. ఆ రెండు వంశముల మూలపురుషులు మంచుయుగమునకు ఎంతో పూర్వమే అచ్చటికి వచ్చి స్థిరపడిరి.

ఆ రెండు వంశముల సంతతి ఎంత విచిత్రముగా విస్తరించినదో చూడుడు. మొదటి వంశమువారు చెట్లమీద నివసించువారు. వీరిలో పెద్దది రెండున్నర కిలోల వరకు తూగును. నిండుగా వెండ్రుకలుగల ఈ జంతువు చెట్టు తొర్రలలో కాపురముండి, ఆకులు తిని, కాన్పునకు ఒక పిల్లను మాత్రము కనును. అదే వంశమున మరియొక జాతి చెట్ల కొమ్మలపై తిరుగు చిట్టెలుక. దాని బరువు 20 గ్రాముల లోపు. పిల్లియంత జంతువునకును, ఈ చిట్టెలుకకును ముత్తాత ఒకడే! రెండవ వంశమువారు నేలమీద తిరుగువారు. వీరి సంగతి ముందు చెప్పెదను.

మొత్తముమీద లూజాన్‌లో గబ్బిలములు కాక, నేలమీదను చెట్లమీదను తిరుగు దేశీయ స్తన్య జంతువుల జాతులు 56 లెక్కకు వచ్చినవి. అందు 52 జాతులు ప్రపంచమున మరి యెచ్చటను లేవు. షికాగో నగరములోని ఫీల్డ్ మ్యూజియమునకు చెందిన లారెన్స్ హీనీ, ఫిలిప్పీను దేశీయుడైన డానిలో బలేటే, యూటా రాష్ట్రమునకు చెందిన ఎరిక్ రికార్ట్ ప్రభృతులు 2000 సంవత్సరమునుండి పండ్రెండేండ్లపాటు ఆ దీవి కొండలనన్నిటిని గాలించి ఈ లెక్క తేల్చిరి. ఆ పరిశోధన ఫలితములు 2016లో ప్రచురితమైనవి. 56 జాతులలో 28 జాతులు వీరు వెదకునంతవరకు శాస్త్రమునకు తెలియనే తెలియవు. నూరేండ్లకు పైగా పండితులు వచ్చి పోయిన దీవిలో సగము జాతులు కంటబడకుండ ఎట్లుండినవి?

దానికి కారణము కొండలే. లూజాన్‌లో ఒకే పర్వతపంక్తి లేదు. ఒకదానితో నొకటి సంబంధము లేని పెద్ద కొండలు, అగ్నిపర్వతములు దీవి పొడవునను వెలసియున్నవి. వాటిలో పులాగ్ అను కొండ ఎత్తు 2,900 మీటర్లకు పైబడి యుండును. కొండపై చలి, నిత్యము మబ్బు, వాన, చెట్లకొమ్మలనిండ నాచు. కొండ క్రింద ఎండ, ఉక్క. పైనుండు ఎలుకకు క్రింది నేల పరదేశమే. అది దిగి వచ్చి, మైదానము దాటి, ప్రక్క కొండ ఎక్కదు. చెరువు నిండినప్పుడు మధ్యనున్న మిట్టలు నీటిపైకి తేలి దీవులవలె కనబడును గదా. లూజాన్ కొండకొనలు అట్టివి. వాటిని చుట్టియున్నది నీరు కాదు, వేడినేల. అంతే భేదము. దీవిలోపల ఈ విధముగా అనేకమైన దీవులు ఏర్పడినవి. ఒక్క కొండను చూచి వెళ్లిన పండితునకు ప్రక్క కొండమీద ఏమున్నదో తెలియుటకు వీలు లేదు. అడవి ఎలుకలలో ఒక్క తెగలోనే ఏడు కొత్త జాతులను ఈ పరిశోధకులు 2011లో ఒకేసారి ప్రకటించిరి. వాటిలో కొన్ని ఒక్కొక్క కొండకే పరిమితములు.

విడిపోయిన రెండు గుంపులు ఎందుకు వేరుజాతులగునని కొందరు అడుగవచ్చును. ఏ ఈతలోనైనను పిల్లలన్నియు ఒక్కతీరుగా పుట్టవు. రంగులో, ముక్కు పొడవులో, పంటి పరిమాణములో స్వల్ప భేదములుండును. ఆ నేలకు, ఆ తిండికి అనుకూలించిన భేదముగలవి ఎక్కువగా బ్రతికి ఎక్కువ పిల్లలను కనును. ఆ లక్షణము తరతరమునకు వ్యాపించును. రెండు గుంపులు కలసియున్నంతకాలము ఈ భేదములు కలగలుపగుచుండును. మధ్య అడ్డము వచ్చినప్పుడు ఏ గుంపు దారి ఆ గుంపుదే. కాలక్రమమున అవి కలిసినను సంతానము కలుగనంత దూరమగును.

ఇందులో మొదటి భాగమును కంటితో చూచిన పరిశోధన యొకటి ఇటీవల అమెరికాలోని నెబ్రాస్కాలో జరిగినది. అచ్చట ముదురురంగు నేల మధ్య లేతరంగు ఇసుకదిబ్బలు కలవు. నేలమీది ఎలుకలు ముదురురంగువి. దిబ్బలమీది ఎలుకలలో లేతరంగు ఎక్కువ. శాస్త్రజ్ఞులు రెండు విధముల నేలలమీదను 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు గల ఆవరణలను ఇనుపరేకులతో కట్టించి, రెండు రంగుల ఎలుకలను మొత్తము 481 వాటిలో వదలిరి. పైన కప్పు లేదు. గుడ్లగూబలు యథేచ్ఛగా వచ్చి పోవచ్చును. కొన్ని నెలలకు చూడగా, ముదురునేలపై లేతరంగువి, ఇసుకపై ముదురురంగువి ఎక్కువగా నశించియుండినవి. 2019లో ఈ ఫలితము ప్రచురితమైనది. సభ్యులు ఇందొక అంశము గమనింపవలెను. ఏ ఎలుకయు తన రంగును మార్చుకొనలేదు. మిగిలినవారి పిల్లలే మరుసటి తరమైనవి; అంతే. ఈ అంశము మందుల విషయములో మరల మనకు అవసరమగును.

వానపాములను తిను ఎలుకలు

లూజాన్ కొండలలో ఎలుకలను పట్టుటకు హీనీ బృందమువారు రెండు విధములైన ఎరలు వాడిరి. ఒకటి వేయించిన కొబ్బరిముక్కకు వేరుసెనగ ముద్ద పూసినది. రెండవది బ్రతికియున్న వానపాము. (మన కార్యాలయములలోనైతే వానపాముల కొనుగోలును ఏ పద్దు క్రింద చూపవలెనో తేలుటకే ఒక సంవత్సరము పట్టును.) కొబ్బరి ఎరకు కన్నెత్తియైనను చూడని కొన్ని జాతులు వానపాము ఎరకు చిక్కినవి. పూర్వపు పండితులకు అవి అరుదుగా లభించుటకు కారణము కొంతవరకు ఎరయే. ధాన్యము తినని ఎలుక యుండునని ఎవరు ఊహింతురు?

పైన చెప్పిన రెండవ వంశమువారు వీరే. వీరిలో ఒక తెగకు ముక్కు చుంచుముక్కువలె పొడవుగా సాగియుండును, పండ్లు బహు సన్నములు, కొరుకుటకు పనికిరావు, వెనుకకాళ్లు పెద్దవి. అడవిలో రాలిన ఆకుల మధ్య చిన్న బాటలు చేసికొని, రాత్రివేళ వాటివెంట గెంతుచు వానపాములను ఏరుకొని తినును. ఈ తెగలో మొదటి జాతిని 1895లో జాన్ వైట్‌హెడ్ అను ఆంగ్లేయుడు డాటా కొండపై కనుగొనెను. 2019లో మరి రెండు జాతులు ప్రకటింపబడినవి. ఇంకొక తెగవాటికి వీపుపై పొడవున ఒక లేతరంగు చార యుండును. ఇవి బలమైన గోళ్లతో నేలను త్రవ్వి పురుగులను తినును.

ఎలుక వానపాములను తినుట ఎందుకు నేర్చినది? ఇచ్చట కొండ ఎత్తు మరల ప్రస్తావనకు వచ్చును. వేడియైన పల్లపుటడవులలో నేలరాలిన ఆకును చెదలు, చీమలు త్వరగా హరించివేయును. పైకి పోయినకొలది చలిచేత చెదలు, చీమలు తగ్గిపోవును. రాలిన ఆకు కుళ్లి, మందమైన మెత్తని పొరగా నిలిచియుండును. ఆ పొరయే వానపాములకు నిలయము. ఆ ఆహారము పుష్కలముగా నుండగా, దానికై పోటీపడు ఇతర చిన్న జంతువులు అచ్చట స్వల్పము. ఖాళీగానున్న కొలువును ఎలుకలు ఆక్రమించినవి. పల్లపుటడవిలో ఎక్కువ జాతులు, కొండపైన తక్కువ జాతులు ఉండునని మనము సహజముగా తలంచెదము. లూజాన్‌లో ఇది తారుమారు. కొండపాదమునందు చిన్న జంతువుల జాతులు కొలది. 1,800 మీటర్లకు పైన, నాచు అడవి మొదలగు చోట, జాతులు మిక్కుటము.

మెట్టచేల కథ

ఇంతవరకు చెప్పినది పండితులకు మాత్రమే ఉపయోగించు విషయమని సభ్యులు తలంపవచ్చును. ఇఫుగావో ప్రాంతపు రైతులకు ఇది అన్నము సమస్య. లూజాన్ ఉత్తరభాగమున ఇఫుగావో ప్రజలు కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి, రాతిగట్లు కట్టి, పైనున్న అడవినుండి నీరు దింపి వరి పండించుచున్నారు. 1995లో ఈ మెట్టుచేలు ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో పట్టికలో చేర్చబడినవి. చేల పైభాగమున అడవి. చేల నడుమ ఇండ్లు. కోతకాలమున ఎలుకలు పంటను నాశనము చేయును. కనబడిన ఎలుకనెల్ల చంపవలెననుట సహజమే.

పరిశోధకులు బోనులు పెట్టి చూడగా వేరొక సంగతి బయటపడినది. వరిని తినుచున్నది కొండ ఎలుకలు కావు. మనుష్యులతోకూడ ఖండమునుండి దీవికి చేరిన ఇంటి ఎలుకజాతియే ముఖ్యమైన దోషి. అది గ్రామములోను, చేలలోను వసించును. పైనున్న మంచి అడవిలోనికి పోదు. అడవిలోని దేశీయ జాతులు చాలవరకు వరిజోలికే రావు. అంతేకాదు, చారల ఎలుకలు చేలలో తిరిగినను, వాటి ఆహారము వానపాములు, నత్తలు. మెట్టుచేలలో పెద్ద వానపాములు గట్లను తొలిచి నీరు కారునట్లు చేయుచున్నవని రైతులు మొరపెట్టుచుందురు. దక్షిణ అమెరికానుండి 1980 ప్రాంతములలో ఆహారముకొరకు తెచ్చి పెంచిన బంగారు నత్త చేలలోనికి ప్రాకి లేతనాట్లను కొరికివేయుచున్నది. ఈ నత్తను చారల ఎలుక తినునని పరిశోధకులు కనుగొనిరి. అనగా రైతు విషపుటెర చల్లినప్పుడు తన కూలివానిని కూడ దొంగతోపాటు చంపుకొనుచున్నాడన్నమాట.

దొంగ యెవరో, కూలి యెవరో తెలియుటకు ముందు ఎవరు ఎచ్చటివారో తెలియవలసి వచ్చినది. పండ్రెండేండ్లు కొండలెక్కి వానపాములు ఎరవేసిన పని రైతునకు అక్కరకు వచ్చినది ఇచ్చటనే.

మరియొక ముఖ్యవిషయము. పాత అడవి చెక్కుచెదరక ఉన్నచోట పరదేశపు ఎలుకలు ప్రవేశింపలేకున్నవి; దేశీయ జాతులే చోటును ఆక్రమించియున్నవి. అడవిని నరికి పోడు చేసినచోట పరదేశపువి జొరబడుచున్నవి. మరల అడవి పెరుగనిచ్చినచో దేశీయ జాతులు తిరిగి వచ్చి, పరదేశపువి తగ్గిపోవుచున్నవి. లూజాన్‌లో పల్లపుటడవి చాల భాగము నరికివేయబడినది. చేల పైనున్న అడవిని నరికినచో నీరు తగ్గునని ఇఫుగావోలు తరతరములుగా ఎరుగుదురు. ఎలుకలు పెరుగునన్నది కొత్తగా తెలిసిన సంగతి.

పినటూబో పర్వతము 1991లో పేలినప్పటి ఉదంతము ఈ సందర్భమున చెప్పదగియున్నది. ఇరువదవ శతాబ్దపు మహా అగ్నిపర్వత విస్ఫోటనములలో అదియొకటి. కొండవాలులు బూడిదతోను, బురదతోను నిండిపోయినవి. 1956లో ఆ కొండపై దొరికిన ఒకే ఒక నమూనాను బట్టి 1962లో వర్ణింపబడిన అడవి ఎలుకజాతి యొకటి అచ్చట ఉండెడిది. విస్ఫోటనముతో అది నశించినదనియే తలంచిరి. 2011, 2012 సంవత్సరములలో బలేటే మొదలగువారు పోయి బోనులు పెట్టగా, ఆ కొండమీద అన్నిటికంటె ఎక్కువగా చిక్కినది ఆ ఎలుకయే! పొదలు, గడ్డి మొలచుచున్న శిథిలభూమిలో అది హాయిగా తిరుగుచున్నది. ఈ ఫలితము 2021లో వెలువడునప్పటికి బలేటే జీవించి లేడు; 2017లో మరణించెను.

మన చేల మాట

లూజాన్ సూత్రమును ఇచ్చట ఉన్నదున్నట్లు అతికించుటకు వీలులేదు. అచ్చట చేనిదొంగ పరదేశి. ఇచ్చట మన చేనిదొంగ మనవాడే. డెల్టాలలో వరికి ముఖ్యశత్రువైన చిన్న పందికొక్కు ఈ దక్షిణాసియా ఖండపు జంతువే. ఆంగ్లభాషలో బాండికూట్ అను మాట మన పందికొక్కునుండియే పోయినది. ఆ పేరునే తరువాత ఆస్ట్రేలియాలో పొట్టసంచిగల వేరొక జంతువునకు పెట్టిరి. దానికిని మన ఎలుకకును చుట్టరికము లేదు. మన ఇండ్లలో తిరుగు చుంచెలుక కూడ ఓడలెక్కి లూజాన్ చేరి, అచ్చటి ఊళ్లలో పరదేశియై కూర్చున్నది.

కాని సూత్రము వర్తింపకున్నను పద్ధతి వర్తించును: ఏ జాతి, ఏ నేలలో, ఏమి తిని బ్రతుకుచున్నది? చిన్న పందికొక్కు బొరియజంతువు. నీరు నిలిచిన చేనిలో బొరియ తీయలేదు గనుక దానికి గట్టు కావలెను. వెడల్పైన, ఎత్తైన గట్లు దానికి మేడలవంటివి. అడుగు మించని సన్నగట్లలో అది కాపురము పెట్టలేదు. గట్టు సవరణ చిన్నపనివలె కనబడును గాని, మనము చేతులార ఆ జంతువునకు కట్టియిచ్చిన భూగోళమే గట్టు. కాలువకట్టలు, రోడ్డు ప్రక్కల మిట్టలు, గడ్డివాములచోట్లు కూడ ఇట్టివే. వీటిలో చాలభాగము ఏ ఒక్క రైతుదియు కాదు. అందుచేత ఇది పంచాయతీ పని యగుచున్నది. ఒక రైతు తన చేనిలో ఎలుకలను నిర్మూలించినను, నాలుగు దినములలో ప్రక్క గట్టునుండి మరల వచ్చును. ఊరంతయు ఒకే వారములో, వరి పొట్టకు రాకముందే పూనుకొనిన గాని ఫలము లేదు.

మందుల విషయమున నెబ్రాస్కా ఎలుకలను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. రక్తము గడ్డకట్టకుండ చేయు వార్ఫరిన్ అను మందు 1950 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది. 1958లోనే స్కాట్లండులో ఒక వ్యవసాయక్షేత్రమున ఆ మందునకు లొంగని ఎలుకలు కనబడినవి. మందు ఎలుకలకు అలవాటైనదని వాడుకగా చెప్పుదురు, అది సరికాదు. గుంపులో ఒకటి రెండింటికి పుట్టుకతోనే ఆ మందును తట్టుకొను గుణము ఉండును. మిగిలినవన్నియు చావగా వాటి సంతానమే చేనినిండ మిగులును. గుడ్లగూబ రంగును ఎన్నినట్లు మందు ఈ గుణమును ఎన్నుచున్నది. ఆ గుణమునకు మూలమైన జన్యువును 2004లో కనుగొనిరి. 2011లో వెలువడిన పరిశోధనలో యూరపులోని కొన్ని ఇంటి చిట్టెలుకలు ఆ గుణమును వేరొకజాతి చిట్టెలుకతో సంకరమై సంపాదించుకొన్నవని తేలినది. కొలత తప్పి, అరకొరగా, ఏటేట ఒకే మందు వాడుచుండుట ఇట్టి సంతతిని పోషించుటయే.

జింకు ఫాస్ఫైడు సంగతి ఇంకొక రకము. చాలినంత తినక బ్రతికిన ఎలుక ఆ ఎరను మరల ముట్టదు. ఇది పుట్టుకతో వచ్చిన గుణము కాదు. అనుభవముచే నేర్చిన జంకు. అందుచేతనే విషము కలుపని ఎరను మొదట రెండు మూడు దినములు పెట్టి రుచి మరపవలెనని వ్యవసాయ శాఖవారు చెప్పుదురు. అది చేతికి తగులరాని తీవ్రమైన విషము. పిల్లలకును, పశువులకును, కోళ్లకును అందకుండ బొరియలోపలనే ఎర పెట్టి కన్నము మూయవలెను. గుడ్లగూబ, జెర్రిపోతు, ముంగిస మన కూలివారు. జెర్రిపోతును చూచినంతనే కర్ర తీయుట పలు గ్రామములలో ఇంకను పోలేదు.

ఆ వయోవృద్ధుడైన సభ్యుని ప్రశ్నకు, చేలో ఎలుకలన్నియు ఒకటి కావన్నదే సమాధానము. బొరియను చూచి చాలవరకు తెలిసికొనవచ్చును. ద్వారమువద్ద వదులుమట్టి పెద్దకుప్పగా పోసి, కన్నము మూసియుండినచో అది పందికొక్కు బొరియ. లోపల వరికంకులు నిల్వచేయునది ఇదే. చిన్న కన్నమువద్ద కొలదిమట్టి మాత్రమే యున్నచో అది పొలపు చిట్టెలుకది. నల్లరేగడి నెరియలలోను, ఇతర ఎలుకలు విడిచిన బొరియలలోను ఉండు మెత్తనిబొచ్చు ఎలుక మరియొకటి. దీనిని యానాదులు మెట్ట ఎలుక అందురని, నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డన్ తన 1867 నాటి గ్రంథమున వ్రాసికొనెను. ఏ బొరియ ఏ ఎలుకదో పండితులకంటె ముందు ఎరిగినవారు బొరియలు త్రవ్వి బ్రతుకు యానాదులే. తొలకరికి ముందు వ్యవసాయ అధికారితోకూడ అట్టివానిని ఒకనిని వెంటబెట్టుకొని సభ్యులు తమ ఊరి గట్లవెంట ఒక ఉదయము నడచినచో, ఏ గట్టులో ఏ జాతి ఎన్ని బొరియలు కలిగియున్నదో లెక్క వ్రాసికొని రావచ్చును. మందు ఎంత, బుట్టలు ఎన్ని, గట్టుపనికి కూలీలు ఎందరు అనునవి ఆ లెక్కనుబట్టి నిర్ణయింపవచ్చును.